స్తంభం ఎక్కే ముందు రెండు నిమిషాలు

గిద్దలూరు, రాచర్ల, కొమరోలు, అర్ధవీడు, కంభం, బేస్తవారిపేట. పశ్చిమ ప్రకాశంలోని ఈ మండలాల్లో వేసవి సాయంత్రం గాలివాన లేచిందంటే ముందు పోయేది కరెంటు. ఎక్కడో చింతకొమ్మ విరిగి 11 కేవీ తీగల మీద పడుతుంది. ఇంకెక్కడో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర జంపర్ తెగుతుంది, హార్న్‌గ్యాప్ ఫ్యూజు కాలిపోతుంది. కాసేపటికే లైన్‌మన్ ఫోను మోగడం మొదలవుతుంది. తోట ఎండిపోతోందని రైతు, తాగునీటి మోటారు ఆగిపోయిందని సర్పంచి, ఇంట్లో చంటిబిడ్డ నిద్రపోవడం లేదని తల్లి. వాళ్ల ఆత్రంలో తప్పు లేదు. బోర్ల మీదే బతికే ఈ మెట్టప్రాంతంలో కరెంటు పోయిందంటే నీళ్లు పోయినట్టే.

అయితే ఆ ఆత్రమంతా చివరికి ఒకరిద్దరు మనుషుల మీద పడుతుంది. చీకటి పడుతుండగా, తడిసిన నేల మీద, సగం విరిగిన కొమ్మ కింద నిలబడి పైకి చూస్తున్న లైన్‌మన్, అతని పక్కన హెల్పర్. ఆ క్షణంలో వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకున్నారన్నదాని మీద చాలాసార్లు ప్రాణం ఆధారపడి ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు జరగాల్సిన ఆ మాటనే పరిశ్రమల్లో సేఫ్టీ బ్రీఫింగ్ అంటారు. పుస్తకాల్లో ఉన్న ఆ బ్రీఫింగ్‌ను స్తంభం కిందికి తేవాలి. వాన సాయంత్రం కూడా సిబ్బంది సులువుగా వాడుకోగలిగేలా దాన్ని మార్చాలి. అది మన విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) ఈ వేసవి లోపే చేయగలిగిన పని.

నిబంధనలకు కొదవ లేదు

విద్యుత్ భద్రత మీద మనకు చట్టాలు లేకపోలేదు. 2003 విద్యుత్ చట్టం ఉంది. దాని కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు ఇచ్చింది. 2023లో వాటి స్థానంలో కొత్తవి తెచ్చింది. తీగను గానీ పరికరాన్ని గానీ ముట్టుకునే ముందు ఎర్త్ చేసి అందులో మిగిలిన కరెంటును దించేయాలని 2010 నిబంధనలే చెప్పాయి. లైన్ మీద పనిచేసే ప్రతి మనిషికీ గ్లోవ్స్, రబ్బరు బూట్లు, సేఫ్టీ బెల్టు, నిచ్చెన, ఎర్తింగ్ పరికరాలు, హెల్మెట్, లైన్ టెస్టర్ ఇవ్వాలని పేరుపేరునా రాశాయి. షాక్ తగిలిన మనిషిని ఎలా బతికించుకోవాలో తెలిపే సూచనలను సబ్‌స్టేషన్లలో స్థానిక భాషలో కూడా అంటించాలని ఆదేశించాయి. అంటే, ప్రాణం నిలబెట్టే మాట పనివాడి భాషలోనే ఉండాలన్న సూత్రాన్ని చట్టం ఎప్పుడో ఒప్పుకుంది.

ప్రమాదం జరిగితే విద్యుత్ చట్టంలోని 161వ సెక్షన్ ప్రకారం సమాచారం ఇవ్వాలి, విచారణ జరగాలి. ప్రాణనష్టం జరిగితే 24 గంటల్లో కబురు చేరాలని నియమం. ప్రమాదం తర్వాత పంపాల్సిన కబురుకు ఇంత కచ్చితమైన గడువు పెట్టుకున్నాం. ప్రమాదానికి ముందు చెప్పుకోవాల్సిన మాట విషయంలోనూ అంతే పట్టింపు ఉండాలి.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2021లో దేశంలో కరెంటు షాక్ వల్ల 12,529 మంది చనిపోయారు. వాళ్లలో మోటారు స్విచ్ ముట్టుకున్న రైతులున్నారు, తెగిన తీగ తొక్కిన పిల్లలున్నారు, లైన్ సిబ్బందీ ఉన్నారు. సిబ్బందికీ మిగతావాళ్లకూ ఒక తేడా ఉంది. సిబ్బంది ఎదుర్కొనే ప్రమాదం అనుకోకుండా వచ్చిపడేది కాదు. ఏ స్తంభం, ఏ ఫీడర్, ఏ పని అన్నది ముందే తెలుసు. ముందే తెలిసిన ప్రమాదం గురించి ముందే మాట్లాడుకోవచ్చు.

కరెంటు ఎన్ని దారుల్లో వస్తుంది

ఫీడర్ ఆపాం కదా, ఇక భయమేముంది అనుకోవడం దగ్గరే చాలా ప్రమాదాలు మొదలవుతాయి. పశ్చిమ ప్రకాశం లాంటి వ్యవసాయ ప్రాంతంలో లైన్‌లోకి కరెంటు ఒక్క దారిలోనే రాదు.

మోటార్లకు త్రీఫేజ్ ఇచ్చే గంటలు ముగిశాక కూడా ఊళ్లో దీపాలకు సింగిల్ ఫేజ్ నడిచే ఫీడర్లున్నాయి. మోటారు తిరగడం లేదంటే తీగలో కరెంటు లేదని కాదు. ఒకే రకం పేర్లున్న రెండు ఫీడర్లు ఒకే సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరతాయి. ఫోన్లో ఒకటి అడిగితే అవతల మరొకటి వినిపిస్తుంది. లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ హ్యాండిల్ కిందికి లాగుతారు, తుప్పు పట్టిన మూడో బ్లేడు మాత్రం ఊడదు. 11 కేవీ లైన్ పైనుంచి 33 కేవీ దాటిపోయే చోట్లుంటాయి.

అన్నిటికన్నా మోసపూరితమైనది రిటర్న్ సప్లై. చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ పెట్టుకున్న మిల్లో, కల్యాణమండపమో, వైరింగ్ సరిగా లేని ఇన్వర్టరో ఉంటే చాలు. ఆ కరెంటు ఎల్‌టీ (లో టెన్షన్) లైన్ ఎక్కి, ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి నడిచి, పైన 11 వేల వోల్టుల దాకా పెరుగుతుంది. సబ్‌స్టేషన్లో బ్రేకర్ తీసి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నా ఈ కరెంటును అది ఆపలేదు. దీన్ని పట్టుకునేది టెస్టర్. దీన్నుంచి మనిషిని కాపాడేది, పనిచేసే చోటికి రెండు పక్కలా తగిలించిన ఎర్త్ రాడ్డు.

ఇంకో తరచైన పొరపాటు కూడా ఉంది. గాలివాన రోజు ఒకే ఫీడర్ మీద రెండు బృందాలు రెండు చోట్ల పనిచేస్తాయి. ఒక బృందం పని ముగించి, లైన్ మీద పనికి తీసుకున్న అనుమతిని (లైన్ క్లియర్, ఎల్‌సీ) తిరిగి ఇచ్చేస్తుంది. రెండో బృందం ఇంకా పైనే ఉందన్న సంగతి సబ్‌స్టేషన్ షిఫ్ట్ ఆపరేటర్ పుస్తకంలో లేకపోతే, బ్రేకర్ బటన్ నొక్కే చేతికి తాను ఏం చేస్తోందో తెలియదు.

వీటిలో ఏ ఒక్కటీ లైన్‌మన్‌కు తెలియని సంగతి కాదు. అన్నీ తెలుసు. కానీ అన్నీ ఒకేసారి, సరైన క్షణంలో గుర్తుకు రావాలి. అలసటతో ఉన్న మనిషికి, ఫోను ఆగకుండా మోగుతున్న మనిషికి జ్ఞాపకం ఒక్కటే ఆధారం కాకూడదు. బ్రీఫింగ్ ఉన్నది కొత్త విషయం నేర్పడానికి కాదు, తెలిసినదాన్ని సమయానికి నాలుక మీదికి తేవడానికి.

ఆ మాట ఎలా ఉండాలి

విద్యుత్ లైన్ల మీద పనిచేసేవారి కోసం అమెరికాలో 1994లో వచ్చి 2014లో సవరించిన ప్రమాణం ఒకటుంది. పని మొదలయ్యే ముందు బృందం మొత్తంతో మాట్లాడాలని అది చెబుతుంది. మాట్లాడాల్సిన అంశాలు ఐదే: ఈ పనిలో ప్రమాదాలు, పని చేసే పద్ధతి, ప్రత్యేక జాగ్రత్తలు, కరెంటు దారులు మూసిన తీరు, వేసుకోవాల్సిన రక్షణ సామగ్రి. రోజూ చేసే పనే అయితే క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. మధ్యలో పని మారితే, పరిస్థితి మారితే మళ్లీ మాట్లాడుకోవాలి. ఈ ఐదింటినీ మన సిబ్బంది వాడుకలోకి తెస్తే ఐదు ప్రశ్నలవుతాయి. ఏం పని, ఎవరు చేస్తారు? ఇక్కడ ప్రాణం తీసేది ఏది? కరెంటు ఎటు నుంచి రావచ్చు, ఆ దారి ఎలా మూశాం? ఏం వేసుకున్నాం, ఏం తెచ్చుకున్నాం? తేడా వస్తే ఏం చేస్తాం?

తెగిన జంపర్ కట్టడానికి వెళ్లిన ఒక లైన్‌మన్, అతని హెల్పర్ మధ్య ఇది ఎలా నడవాలో చూద్దాం.

"తమ్ముడూ, ఈడ ఏం పని చెయ్యబోతున్నాం?"

"బి ఫేజ్ జంపర్ తెగిందన్నా. కొత్తది కట్టాల."

"కరెంటు ఏ పక్క నుంచి రావొచ్చు?"

"సబ్‌స్టేషన్ పక్క నుంచి ఒకటి. ఏబీ స్విచ్ తీసినాం. మూడు బ్లేడ్లూ ఊడినాయి, కంటితో చూసినా. ఇంకోటి, ఊర్లో కల్యాణమండపానికి జనరేటర్ ఉంది. ఎల్‌టీ పక్క నుంచి ఎక్కొచ్చు."

"అయితే?"

"ఎల్‌టీ ఫ్యూజులు కూడా పెరకాల. టెస్టర్‌తో చూసి, రెండు పక్కలా ఎర్త్ రాడ్లు తగిలించినాకే చెయ్యి పెట్టాల."

"ఎల్‌సీ?"

"నంబరు పుస్తకంలో రాసినా. ఆపరేటర్ అన్న కూడా తిరిగి చదివినాడు."

"పైకెవరు, కిందెవరు? బెల్టు, గ్లోవ్స్?"

"పైకి నువ్వు, కింద నేను. బెల్టు, గ్లోవ్స్ రెండూ చూసినా, బాగుండాయి. నేను ఫోన్ ఎత్తను. నిన్నే చూస్తా."

"తేడా కనిపిస్తే?"

"ఆపమని అరుస్తా. నువ్వు దిగాల. ఎందుకని పైనుంచి అడగకూడదు."

అంతే. రెండు నిమిషాలు కూడా పట్టదు. ఇందులో ముఖ్యమైన విషయం, అడిగింది పెద్దవాడు, చెప్పింది చిన్నవాడు. పెద్దవాడు గడగడా చెప్పేసి చిన్నవాడు తలూపితే అతనికి ఏం అర్థమైందో ఎవరికీ తెలియదు. చిన్నవాడి నోట చెప్పిస్తే, ఎక్కడ తడబడ్డాడో అక్కడే పని ఆగుతుంది, ఆ లోపం నేల మీదే దొరుకుతుంది. 2019లో గ్రామ సచివాలయాలతో పాటు జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2 హోదాలో ఎనర్జీ అసిస్టెంట్లుగా వచ్చిన యువకులకు ఇది మరీ అవసరం. సందేహం వచ్చినా పెద్దవాళ్ల ముందు నోరు విప్పలేని వయసు వాళ్లది. వాళ్ల వంతు మాటను పద్ధతిలోనే పెట్టాలి.

సంతకం వేరు, సంభాషణ వేరు

ఇదంతా ఒక ఫారంగా అచ్చువేసి సంతకాలు తీసుకుంటే సరిపోదా అన్న ఆలోచన కార్యాలయాల్లో వెంటనే వస్తుంది. దానికి జవాబు వైద్య రంగంలో ఉంది. ఆపరేషన్ల సమయంలో బృందమంతా పైకి చదువుకోవాల్సిన 19 అంశాల జాబితాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చింది. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆస్పత్రుల్లో దాన్ని పరీక్షించగా, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో తేలింది. ఆ తర్వాత కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఇలాంటి జాబితాలనే తప్పనిసరి చేశారు. 101 ఆస్పత్రుల లెక్కలు పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో మరణాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. మొదటిచోట బృందాలను కూర్చోబెట్టి, అలవాటు చేయించి, మాట్లాడించారు. ఉత్తర్వుతో వచ్చిన జాబితా చాలాచోట్ల టిక్కులకే పరిమితమై ఉంటుందన్నది ఆ తర్వాత జరిగిన చర్చలో బలంగా వినిపించిన వాదన. మన డిస్కంలు ఈ అనుభవాన్ని ముందే తెలుసుకుంటే మంచిది. సాయంత్రం కార్యాలయంలో కూర్చుని వారం రోజుల ఫారాలకు ఒకేసారి సంతకాలు పెట్టించే పరిస్థితి వస్తే, ఆ ఫారం ఎవరినీ కాపాడదు. విచారణ రోజున లైన్‌మన్ మీద తప్పు మోపడానికి మాత్రం పనికొస్తుంది.

పైకి చెప్పడంలో ఉన్న బలం తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. గుంటూరు–నంద్యాల మార్గంలో గిద్దలూరు స్టేషన్ దాటిపోయే రైళ్లలో లోకో పైలట్, అసిస్టెంట్ సిగ్నల్ కనిపించగానే చెయ్యి చూపి దాని రంగును పైకి చెబుతారు. ఒకరు అన్నది మరొకరు తిరిగి అంటారు. ఇద్దరికీ కళ్లున్నాయి, ఇద్దరికీ సిగ్నల్ కనిపిస్తూనే ఉంది. అయినా చెప్పితీరాలి. జపాన్ రైల్వేల్లో ఈ అలవాటు మరీ పాతది. అక్కడి రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ 1994లో పరీక్షిస్తే, ఊరికే చూసి పనిచేసినప్పుడు ప్రతి వంద చర్యలకు 2.38 పొరపాట్లు జరిగాయి. వేలు చూపి పైకి చెబుతూ చేసినప్పుడు అవి 0.38కి తగ్గాయి. పనిలో మార్పేమీ లేదు, మనిషీ అదే స్థాయివాడు. నోటితో చెప్పడం వల్లే అంత తేడా వచ్చింది.

పలక పట్టుకుని వెళ్లండి

ఈ ప్రాంతానికి తగిన సాధనం ఈ ప్రాంతంలోనే ఉంది. దేశమంతటా పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకలు మార్కాపురం నుంచి వెళ్లాయి. లైన్ సిబ్బంది బండిలో అలాంటి పలక ఒకటి ఉండాలని నా సూచన. రాతి పలకే కానక్కర్లేదు, వానకు తట్టుకునే ప్లాస్టిక్ పలక, చేత్తో తుడిస్తేనే చెరిగే పెన్సిల్ అయినా ఫర్వాలేదు. వెనకవైపు ఐదు ప్రశ్నలు పెద్ద అక్షరాలతో తెలుగులో, పక్కన చిన్న బొమ్మలతో అచ్చువేయాలి. చదువు అంతగా రాని హెల్పర్‌కు ఆ బొమ్మలు దారి చూపుతాయి. ముందువైపు మూడే మూడు రాయాలి: ఫీడర్ పేరు, ఎల్‌సీ నంబరు, పైన ఉన్నవాళ్ల పేర్లు.

మాట్లాడుకోవడం పూర్తయ్యాక ఆ పలకను ఏబీ స్విచ్ హ్యాండిల్‌కు తగిలించాలి. పైన ఉన్న మనిషి కిందికి దిగి, తన పేరు తానే చెరిపేసి, పలక దింపితేనే స్విచ్ వేయాలి. అప్పుడు ఆ పలక బ్రీఫింగ్‌కు గుర్తు, హెచ్చరిక బోర్డు కూడా. ఆత్రంలో స్విచ్ వేసేద్దామని వచ్చిన రైతు కూడా దాని మీద మనిషి పేరు చూస్తే ఆగుతాడు. పలకను ఒక ఫోటో తీసి సెక్షన్ గ్రూపులో పెడితే, అసిస్టెంట్ ఇంజినీరుకు (ఏఈ) వేరే ఫారం అక్కర్లేదు.

రెండో సూచన షిఫ్ట్ ఆపరేటర్ గురించి. అతను సబ్‌స్టేషన్లో ఉన్నా బృందంలో మనిషే. ఎల్‌సీ అడిగినవాడి పేరు, ఫీడర్ పేరు, నంబరు తిరిగి చదివి వినిపించాలి. ఒకే ఫీడర్ మీద ఎన్ని ఎల్‌సీలు ఇస్తే అన్ని నంబర్లూ వెనక్కి వచ్చేదాకా బ్రేకర్ జోలికి పోకూడదు.

మూడోది, పని ఆపే హక్కు. దగ్గర్లో ప్రాణాపాయం ఉందని తగిన కారణంతో భయపడిన ఉద్యోగి ఆ విషయం యాజమాన్యం దృష్టికి తేవచ్చని, యాజమాన్యం వెంటనే చర్య తీసుకోవాలని 2020 వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ చెబుతోంది. దీన్ని డిస్కం అధికారులు స్తంభం దగ్గర మాటగా మార్చాలి. ఎర్త్ రాడ్డు లేదు, పని చేయను అని లైన్‌మన్ చెబితే మెమో రాకూడదు, రాడ్డు రావాలి. అలా ఆగిన పనుల లెక్కను నెలనెలా చదివి, ఆపినవాడిని పదిమందిలో మెచ్చుకోవాలి. నిండిన ఫారాలను లెక్కపెట్టడం కన్నా ఆ లెక్క చాలా సంగతులు చెబుతుంది. ఒక్క పనీ ఆగలేదని నివేదిక వస్తే సంతోషించకూడదు, సందేహించాలి.

రెండు అభ్యంతరాలు

ముప్పై ఏళ్లుగా ఎక్కుతున్నవాళ్లకు ఇవన్నీ చెప్పాలా అని అనుభవజ్ఞులు అడగవచ్చు. వాళ్ల అనుభవం వల్లే ఈ లైన్లు నడుస్తున్నాయి, అందులో అనుమానం లేదు. అందుకే ప్రశ్నలు అడిగే పెద్దరికం వాళ్లకే ఇవ్వాలి. ఏ ఊళ్లో ఎక్కడ జనరేటర్ ఉందో, ఏ స్విచ్‌లో ఏ బ్లేడు మొండికేస్తుందో వాళ్లకు తెలిసినంతగా ఏ మాన్యువల్‌కూ తెలియదు. ఆ జ్ఞానం రిటైర్మెంట్‌తో ఇంటికి వెళ్లిపోకుండా కుర్రవాళ్ల నోటికి చేరే మార్గం కూడా రోజువారీ బ్రీఫింగే.

మనుషులే లేనప్పుడు ఎవరితో మాట్లాడాలన్నది రెండో అభ్యంతరం. ఇది నిజమైన బాధ. నాలుగైదు ఊళ్లు ఒక్కరి మీద పడితే, రోల్స్‌లో లేని ప్రైవేటు హెల్పర్‌నో, మోటారు రైతునో తోడు తీసుకెళ్లడం జరుగుతుంది. ఎవరు తోడొచ్చినా ఆ రెండు నిమిషాలు వాళ్లతోనూ మాట్లాడాలి. అసలు 11 కేవీ పనికి ఒంటరిగా ఎక్కించడమే ఆపాలి. బ్రీఫింగ్ ఖాళీ పోస్టులకు బదులు కాదు. చిరిగిన గ్లోవ్స్‌కు బదులు కాదు. ఆ కొరతలను యాజమాన్యం తీర్చాల్సిందే. అయితే ఆ కొరత ఉందని పని మొదలుకాకముందే బయటపెట్టేది కూడా ఈ మాటే.

ఏం చేయాలి

గిద్దలూరు, మార్కాపురం ప్రాంతం విజయవాడ కేంద్రంగా 2019లో ఏర్పడిన ఏపీసీపీడీసీఎల్ అనే డిస్కం పరిధిలోది. ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం జరుగుతుంది. 2021 నుంచి అదే రోజును లైన్‌మన్ దివస్‌గానూ జరుపుతున్నారు. శాలువాలు కప్పడం మంచిదే. దాంతోపాటు ఆ రోజు నుంచి గిద్దలూరు పరిధిలోని ఒకటి రెండు సెక్షన్లలో ఈ పద్ధతిని మూడు నెలలు నడిపి చూడండి. ప్రశ్నలను కార్యాలయంలో కూర్చుని రాయకండి, లైన్‌మన్లతో, ఎనర్జీ అసిస్టెంట్లతో, హెల్పర్లతో రాయించండి. వాళ్ల మాటల్లోనే అచ్చువేయండి. ఏఈలు వారానికి ఒకసారైనా చెప్పాపెట్టకుండా స్తంభం దగ్గరికి వెళ్లి, పక్కన నిలబడి వినండి. వేసవి ముగిశాక ఏది పనికొచ్చిందో, ఏది అడ్డమైందో మళ్లీ సిబ్బందినే అడిగి మార్చండి.

ప్రజాప్రతినిధులకు, గ్రామ పెద్దలకు ఒక విన్నపం. లైన్‌మన్ స్తంభం కింద నిలబడి హెల్పర్‌తో మాట్లాడుతుంటే అది ఆలస్యం కాదు, పనిలో మొదటి భాగం. ఫిర్యాదు ఉంటే 1912కు చేయండి. పైన ఉన్న మనిషి ఫోనుకు చేయకండి. జనరేటర్, ఇన్వర్టర్ ఉన్నవాళ్లు చేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి. మీ ఇంటి నుంచి వెనక్కి పోయే కరెంటు మీ కోసమే పైకెక్కినవాడిని చంపగలదు.

ఒక మరణం తర్వాత విచారణకు, నివేదికకు, పరిహారం ఫైలుకు వారాలు, నెలలు కేటాయించే వ్యవస్థ పనికి ముందు రెండు నిమిషాలు లేవనడం న్యాయం కాదు. ఎల్‌సీ నంబరు లేకుండా పని మొదలుపెట్టకూడదని ఎలా నియమం ఉందో, మాట్లాడుకోకుండా పని మొదలుపెట్టకూడదని కూడా అలాగే నియమం రావాలి. ఆ ఉత్తర్వు తెలుగులో, ఒక్క పేజీలో, ఈ వేసవి గాలివానలకు ముందే సెక్షన్ కార్యాలయాలకు చేరాలి.